తూర్పుకి వీపు పెట్టి నిలబడండి

ఫోటో ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పొద్దు పొడుపు గురించే. పిల్లల దగ్గరికి విదేశాలు వెళ్ళబోయేవాళ్ళు కొందరు, తాటిపూడి, వంజంగి తిరిగొచ్చినవాళ్ళు కొందరు. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. అందులో అడిగిన సరస్సు ఒడ్డున నేను రెండుసార్లు నిలబడ్డాను. మొదటిసారి అక్కడ చేజారిపోయింది ఇప్పటికీ మనసులో మెదులుతూనే ఉంటుంది.

ప్రశ్న: మాస్టారూ, నేను స్టీల్‌ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి కెనడాలో, కాల్గరీలో ఉంటుంది. ఈ ఏడాది నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. బాంఫ్ నేషనల్ పార్కులో మొరెయిన్ లేక్ దగ్గర సూర్యోదయం ఫోటో తీయాలని ఎప్పటినుంచో కోరిక. ఆర్కే బీచ్‌లో, రుషికొండలో, యారాడలో సూర్యోదయాలు చాలా తీశాను. కెమెరా, 24–105 లెన్సు, ట్రైపాడ్ ఉన్నాయి. సూర్యుడు సరస్సులోంచి లేస్తున్నట్టు రావాలంటే ఎక్కడ నిలబడాలి? ఏ నెలలో వెళ్ళాలి?
— ఒక పాఠకుడు, ఉక్కునగరం

జవాబు: అక్కడ సూర్యుడు సరస్సులోంచి లేవడండీ. మీ వీపు వెనకనుంచి లేస్తాడు. ముందు ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే మిగతావన్నీ తేలిక.

మనం విశాఖ మనుషులం. పుట్టినప్పటినుంచీ పొద్దు పొడుపంటే సముద్రం వైపు తిరగడమే. నీళ్ళ అంచున ఎర్రని బిందువు, దాని కింద నీళ్ళ మీద బంగారు దారి, మధ్యలో ఒక తెప్ప. ఈ ఫోటో తీయనివాడు మన ఊళ్ళో కెమెరా పట్టుకున్నవాళ్ళలో ఉండడు. అందుకే ఎక్కడికి వెళ్ళినా మన కాళ్ళు వాటంతట అవే తూర్పుకి తిరుగుతాయి. మొరెయిన్ లేక్ దగ్గర నా కాళ్ళూ అలాగే తిరిగాయి.

2019 జూన్ ఆఖరి వారం. కాల్గరీ నుంచి రాత్రి ఒంటిగంటకి మా అల్లుడు కారు తీశాడు. అప్పట్లో సొంత కార్లని సరస్సు దాకా రానిచ్చేవారు. మేం చేరేసరికి పార్కింగ్ దాదాపు నిండిపోయి ఉంది. చలి మన లంబసింగిలో జనవరి చలిలా ఉంది. చీకట్లో టార్చి వేసుకుని, నీళ్ళ పక్కనున్న రాళ్ళ దిబ్బ ఎక్కి ట్రైపాడ్ నిలబెట్టాను. నాలుగుంముప్పావుకల్లా వెనకాల ఆకాశం తెల్లబడటం మొదలైంది. నేను కెమెరాని అటు తిప్పాను. చెట్ల వెనక ఏదో గులాబీ రంగు. మబ్బు అంచు ఎప్పుడు వెలుగుతుందా అని కన్నార్పకుండా చూస్తున్నాను. మా ఆవిడ శాలువా కప్పుకుని పక్కన రాయి మీద కూర్చుంది. ఆవిడకి ఫోటోల సంగతి పట్టదు, కొండల వైపే చూస్తూ ఉంది. కాసేపటికి నా భుజం మీద చెయ్యి వేసి, "ఏవండీ, అటు కాదు, ఇటు చూడండి" అంది.

తిరిగి చూస్తే, వరసగా నిలబడ్డ ఆ శిఖరాల కొనలు కుంకుమ రంగులో ఉన్నాయి. ఎండ పైనుంచి కిందికి మెల్లగా దిగుతోంది. నేను ట్రైపాడ్ తిప్పి, దాని తల బిగించి, ఫోకస్ చూసుకుని, వెలుతురు కొలిచేలోపల ఆ కుంకుమ పసుపైంది, పసుపు తెలుపైంది. గట్టిగా పది నిమిషాలు. డాబాగార్డెన్స్‌లో స్టూడియో పెట్టుకుని ముప్పై ఏళ్ళు వెలుతురుతోనే బతికిన నేను, వెలుతురు ఎటునుంచి వస్తోందో చూశాను గానీ ఎటు పడుతోందో చూడలేదు. ఆ రోజు మొత్తంలో బాగా వచ్చిన ఫోటో ఒకటే: శాలువాలో మా ఆవిడ, ముఖం మీద కొండల మీంచి తిరిగి వచ్చిన వెలుతురు.

కాబట్టి మీరు నిలబడాల్సింది సరస్సుకి ఈశాన్యపు కొసన ఉన్న ఆ రాళ్ళ దిబ్బ మీదే. దాన్ని అక్కడ రాక్‌పైల్ అంటారు. పార్కింగ్ నుంచి మెట్ల దారిలో పావుగంట నడక, మోకాళ్ళ నొప్పులున్నా నెమ్మదిగా ఎక్కవచ్చు. అక్కడినుంచి నైరుతి వైపు చూస్తే సరస్సు పొడుగునా కనిపిస్తుంది, ఎడమ పక్క నుంచి పది శిఖరాలు వరసకట్టి ఉంటాయి. ఒక్కొక్కటీ 3,000 మీటర్లకి పైమాటే. అన్నిటికన్నా ఎత్తైన డెల్టాఫామ్ 3,424 మీటర్లు. శామ్యూల్ అలెన్ అనే ఆయన 19వ శతాబ్దం ఆఖర్లో వీటికి అక్కడి నకోడా జాతి వాళ్ళ భాషలో ఒకటి, రెండు, మూడు అంటూ అంకెలనే పేర్లుగా పెట్టాడు. తర్వాత చాలావాటికి మనుషుల పేర్లు పెట్టేశారు. నాలుగు అనే అర్థం ఉన్న టోన్సా, తొమ్మిది నెప్టువాక్, పది వెంక్‌చెమ్నా మాత్రం మిగిలాయి. ఆ పాత పేర్లు అన్నీ ఉంచేసి ఉంటే ఎంత బాగుండేది అని నాకు అనిపిస్తుంది. చీకట్లో వెలుతురు కోసం కాచుకున్నప్పుడు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ చూడవచ్చు కదా.

ఆ చోటు నుంచి కనిపించే దృశ్యాన్నే కెనడా వాళ్ళు 1969, 1979 వరస ఇరవై డాలర్ల నోట్ల వెనక అచ్చు వేశారు. మీ అమ్మాయి వాళ్ళ ఊళ్ళో పాత నోట్లు అమ్మే దుకాణంలో దొరికితే ఒకటి కొనుక్కోండి. ఎక్కడ నిలబడాలో దాన్ని చూస్తే తెలిసిపోతుంది.

ఇక ఎలా చేరాలి అన్నది. 2023 నుంచి ఆ రోడ్డు మీదికి సొంత కార్లని ఏ వేళలోనూ అనుమతించడం లేదు. పార్కు వాళ్ళ షటిల్ బస్సులో గానీ, అనుమతి ఉన్న ప్రైవేటు బస్సుల్లో గానీ వెళ్ళాలి. తెల్లవారకముందు 4, 5 గంటలకి బయలుదేరే బస్సులుంటాయి. సూర్యోదయం కావాలంటే అవే. పార్కు సీట్లలో కొన్ని వసంతకాలంలోనే పెట్టేస్తారు, మిగతావి ప్రయాణానికి రెండు రోజుల ముందు అక్కడి టైము ఉదయం 8 గంటలకి వదులుతారు. అంటే మనకి రాత్రి 7:30. వసంతకాలంలో పెట్టే సీట్లయితే మీరు విశాఖలో ఉండగానే కూర్చుని బుక్ చేసుకోవచ్చు. నిమిషాల్లో అయిపోతాయి. ఏటా బస్సు వేళలు కొద్దిగా మారుతుంటాయి గనక బయలుదేరే ముందు పార్క్స్ కెనడా సైటు ఒకసారి చూసుకోండి.

ఏ నెల అంటే, ఆ రోడ్డు మంచు వల్ల సుమారు జూన్ మొదట్లో తెరిచి అక్టోబరు మధ్యలో మూసేస్తారు. జూన్ మొదట్లో వెళ్తే సరస్సులో నీళ్ళు తక్కువగా ఉంటాయి, మంచు గడ్డ కూడా ఉండొచ్చు. జూన్ ఆఖరికి కొండల మీది మంచు కరిగి నిండుతుంది. నన్నడిగితే సెప్టెంబరు ఆఖరి పది రోజులు. కారణాలు రెండు. లార్చ్ అనే చెట్లు అక్కడ ఉన్నాయి. చూడటానికి సరుగుడు చెట్టులా సూదులుంటాయి గానీ చలికాలం ముందు ఆ సూదులు పసుపు పచ్చగా మారి రాలిపోతాయి. రెండో కారణం మన వయసు వాళ్ళకి ముఖ్యం: జూన్‌లో సూర్యోదయం ఐదున్నరకి, సెప్టెంబరు ఆఖరికి ఏడున్నర దరిదాపుల్లో. నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

ఇంకొక తేడా చెప్తాను, మీకు బాగా పనికొస్తుంది. మన ఊళ్ళో మసక వెలుతురు ఇట్టే అయిపోతుంది. విశాఖ 17.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా పైకొస్తాడు. దారి కనపడేంత వెలుతురు వచ్చినప్పటినుంచి సూర్యుడు కనపడేదాకా ఇరవై రెండు నిమిషాల దాకా ఉంటుందంతే. మొరెయిన్ లేక్ 51 డిగ్రీల మీద ఉంది. సూర్యుడు ఏటవాలుగా, పాకినట్టు లేస్తాడు. సెప్టెంబరులో ఆ మసక వేళ అరగంట దాటుతుంది, జూన్‌లో నలభై నిమిషాలు దాటుతుంది. ఆర్కే బీచ్‌లో మీరు అలవాటుపడ్డ హడావుడి అక్కడ అక్కర్లేదు. ఆ నీలి వెలుతురులో నిదానంగా చట్రం కుదుర్చుకోండి, ఫోకస్ బిగించి పెట్టుకోండి. కుంకుమ రంగు శిఖరం కొన మీదికి వచ్చేసరికి మీరు చేయాల్సింది బటన్ నొక్కడం ఒక్కటే అయి ఉండాలి.

కెమెరాలో ఐఎస్‌ఓ (వెలుతురుకి స్పందించే సున్నితత్వం) 100, ఎఫ్ (లెన్సు రంధ్రం కొలత) 8 లేదా 11. షట్టర్ మొదట్లో కొన్ని సెకన్లు పడుతుంది. వెలుతురు పెరిగేకొద్దీ తగ్గించుకుంటూ రండి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్సులో వణుకు ఆపే స్విచ్ ఆఫ్ చేయండి. రెండు సెకన్ల టైమర్ పెట్టండి. రా (RAW) ఫైలులో, అంటే కెమెరా ఏమీ సరిచేయని ముడి ఫైలులో తీయండి. మీ 24–105 సరిపోతుంది. అందరూ వెడల్పుగా చూపే 24 దగ్గరే ఉండిపోతారు. మీరు మాత్రం ఎండ మొదట తగిలిన శిఖరం ఒక్కదాన్నే, దగ్గరికి తెచ్చే 105లో తీయండి. చిన్న ముక్కే, కానీ నేను రెండోసారి, 2024లో వెళ్ళినప్పుడు తెచ్చుకున్నవాటిలో ఇంట్లో గోడ మీదికెక్కింది అదే.

ప్రతిబింబం కావాలంటే దిబ్బ దిగి నీళ్ళ అంచుకి రండి. పైనుంచి చూస్తే నీటి ఆకారం, రంగు కనపడతాయి. కిందికి, నీటికి దగ్గరగా కెమెరా పెడితేనే కొండ తలకిందులుగా నిండా కనపడుతుంది. గాలి లేని వేళ తెల్లవారే ముందే. ఎండ కొండవాలుని వేడెక్కించాక గాలి లేచి నీళ్ళు చెదురుతాయి. ఒకే రోజు రెండూ కావాలని పరిగెత్తకండి. వీలైతే రెండు రోజులకి బుక్ చేసుకోండి.

వెళ్ళే ముందు ఒక పని చేయండి. మూడు ఆదివారాలు ఆర్కే బీచ్‌కి వెళ్ళి సముద్రానికి వీపు పెట్టి నిలబడండి. ఒకసారి కైలాసగిరి వైపు, ఒకసారి డాల్ఫిన్ నోస్ వైపు చూడండి. ఎండ కొండ మీదికి ఎలా దిగుతుందో, ఏ నిమిషంలో ఏ రంగు ఉందో కాగితం మీద రాసుకోండి. కెమెరా తీసుకెళ్ళకపోయినా ఫర్వాలేదు.

ప్రశ్న: మొన్న ఫ్రెండ్స్‌తో తాటిపూడి రిజర్వాయర్ దగ్గర తెల్లారగట్ల ఫోటోలు తీశాను సార్. ఆకాశం సరిగ్గా వస్తే కొండలు, నీళ్ళు నల్లగా వస్తున్నాయి. కొండలు కనపడేలా తీస్తే ఆకాశం తెల్లకాగితంలా అయిపోతోంది. గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ (పై సగం నల్లగా, కింది సగం తేటగా ఉండే అద్దం) కొనమని ఒకరు, అక్కర్లేదు కంప్యూటర్లో సరిచేయొచ్చని ఒకరు అంటున్నారు. ఏది నిజం?
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, గాజువాక

జవాబు: రెండూ నిజమే బాబూ. కానీ ముందు, నువ్వు ఎటు తిరిగి తీశావు? నువ్వు పంపిన ప్రింటులో నీడలు నీ వైపుకి వస్తున్నాయి. అంటే సూర్యుడు నీకు ఎదురుగా ఉన్నాడు. అలాంటప్పుడు ఆకాశానికీ నేలకీ మధ్య తేడాని ఏ కెమెరా అయినా ఒక్క ఫోటోలో పట్టుకోవడం కష్టం.

తాటిపూడిలో పశ్చిమాన అనంతగిరి వైపు కొండలున్నాయి. గోస్తని ఆ కొండల్లోంచి దిగి వచ్చే నది. డ్యామ్ గట్టు మీద నిలబడి, పొద్దున్నే ఆ పశ్చిమపు కొండల వైపు తిరుగు. ఎండ వాటి మీద పడుతుంది, వాటి వెనకాల ఆకాశం ఇంకా నీలంగానే ఉంటుంది. తేడా సగానికి సగం తగ్గిపోతుంది. ఫిల్టర్ లేకుండానే చాలాసార్లు సరిపోతుంది.

అప్పటికీ తేడా ఉంటే మూడు ఫోటోలు తీయి: ఒకటి మామూలుగా, ఒకటి రెండు స్టాపులు తక్కువ, ఒకటి రెండు స్టాపులు ఎక్కువ. ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపో సగమో అవడం. ఇంటికొచ్చాక కలపొచ్చు. ఆకులు కదులుతుంటే, పడవ వెళ్తుంటే కలిపిన చోట దయ్యాల్లా కనపడతాయి. అక్కడ ఫిల్టరే మంచిది. నేనైతే రెండు స్టాపుల సాఫ్ట్ ఫిల్టర్, అంటే నలుపు మెల్లగా తేలిపోయేది, ఒక్కటే సంచిలో పెట్టుకుంటాను. కొండల అంచు ఎగుడు దిగుడుగా ఉంటుంది గనక నలుపు ఒక్క గీత దగ్గర ఆగిపోయే హార్డ్ ఫిల్టర్ కొండ కొనల్ని నల్లగా చేస్తుంది. అది సముద్రానికి బాగుంటుంది, కొండలకి కాదు.

ఒక్క హెచ్చరిక. నీళ్ళలో కనపడే ఆకాశం ఎప్పుడూ అసలు ఆకాశం కన్నా కొంచెం మసగ్గానే ఉంటుంది. నీళ్ళు మొత్తం వెలుతురుని తిరిగి పంపవు కదా. ఫిల్టరు గానీ కంప్యూటరు గానీ వాడి ఆకాశాన్ని మరీ దించేస్తే ప్రతిబింబం అసలుకన్నా తెల్లగా వస్తుంది. చూసేవాడికి ఎందుకో తెలియదు గానీ, ఆ ఫోటో అబద్ధంలా అనిపిస్తుంది. ఈ మధ్య పోటీలకి వచ్చే ఫోటోల్లో సగం ఇలాగే ఉంటున్నాయి. నాకు బాధ కలిగే విషయం ఇది. నీళ్ళని చూసి తీసినవాడు ఈ తప్పు చేయడు.

ప్రశ్న: మొరెయిన్ లేక్, లేక్ లూయీస్ ఫోటోల్లో నీళ్ళు నెమలి కంఠం రంగులో ఉంటాయి. మా స్కూలు పిల్లలు అది కంప్యూటర్లో వేసిన రంగేనని పందెం కాస్తున్నారు. ఏం చెప్పమంటారు?
— ఒక టీచరు, అనకాపల్లి

జవాబు: రంగు నిజమేనమ్మా. పందెం పిల్లలు ఓడిపోయినట్టే. కానీ వాళ్ళ అనుమానంలో కొంత న్యాయం ఉంది, అది కూడా చెప్పండి.

అక్కడి కొండల మీద హిమానీనదాలున్నాయి, అంటే నెమ్మదిగా జారే మంచు నదులు. అవి జారుతూ కింద రాళ్ళని తిరగలిలో వేసినట్టు నూరుతాయి. ఆ పిండి ఎంత మెత్తనిదంటే నీళ్ళలో అడుగుకి దిగకుండా తేలుతూనే ఉంటుంది. నీళ్ళు ఎండలోని ఎరుపుని మింగేస్తాయి. ఆ రాతి పిండి నీలాన్నీ ఆకుపచ్చనీ మన కంటికి తిప్పి పంపుతుంది. ఎండాకాలం ముదిరి మంచు కరిగేకొద్దీ పిండి ఎక్కువ వస్తుంది, రంగు చిక్కబడుతుంది. పిల్లల చేత ఒక గాజు గ్లాసు నీళ్ళలో రెండు చుక్కల పాలు వేయించి, చీకటి గదిలో పక్కనుంచి టార్చి వేయించండి. పక్కనుంచి చూస్తే నీలి ఛాయ కనపడుతుంది. కారణం అచ్చంగా అదే కాకపోయినా, నీళ్ళలో తేలే నలుసులు వెలుతురుని ఎలా చెదరగొడతాయో వాళ్ళకి అర్థమవుతుంది.

వాళ్ళ అనుమానంలో న్యాయం ఎక్కడుందంటే, సూర్యోదయ వేళ ఆ రంగు అలా కనపడదు. ఎండ నీళ్ళలోపలికి దిగితేనే పిండి వెలుగుతుంది. తెల్లవారుజామున నీళ్ళు ఉక్కు రంగులో, కొండల నీడతో ఉంటాయి. కుంకుమ శిఖరాలూ, నెమలి కంఠం నీళ్ళూ ఒకే ఫోటోలో మెరిసిపోతుంటే, అది రెండు వేళల్లో తీసి కలిపిందో, రంగు పెంచిందో అనుకోవచ్చు. ఉక్కునగరం పెద్దాయన కూడా ఇది గుర్తుంచుకోవాలి: శిఖరాలకి తెల్లవారుజాము, నీళ్ళకి ఉదయం పది దాటాక. మధ్యలో ఫ్లాస్కులో కాఫీ, పెరుగన్నం డబ్బా ఉంటే ఆ మూడు గంటలు హాయిగా గడుస్తాయి. తిన్నాక ఒక్క మెతుకు కూడా అక్కడ వదలకూడదు. ఎలుగుబంట్ల ఊరు అది.

పేరు సంగతి కూడా పిల్లలకి చెప్పండి. 1899లో వాల్టర్ విల్‌కాక్స్ అనే ఆయన, కొసన ఉన్న రాళ్ళ గుట్ట హిమానీనదం తోసుకొచ్చి వదిలిన రాళ్ళ కుప్ప, అంటే మొరెయిన్, అనుకుని ఆ పేరు పెట్టాడు. పక్కనున్న కొండ విరిగిపడిన రాళ్ళే నీళ్ళకి అడ్డుకట్ట అయ్యాయని తర్వాతివాళ్ళు ఎక్కువమంది అంటారు. పేరు మాత్రం ఉండిపోయింది.

ప్రశ్న: వంజంగి మేఘాలు చూడ్డానికి తెల్లవారుజామున వెళ్ళాం. కారులో ఏసీ వేసుకుని వెళ్ళి దిగీ దిగగానే లెన్సు మీద పొగలా పట్టేసింది. తుడిచినకొద్దీ మళ్ళీ వచ్చింది. సూర్యోదయం మొత్తం పోయింది. కెనడా వెళ్తే ఇంకా ఘోరంగా ఉంటుందా?
— ఒక గృహిణి, మధురవాడ

జవాబు: ఉండదమ్మా, అక్కడ వ్యవహారం తిరగబడుతుంది. చల్లని వస్తువు తడి ఎక్కువున్న గాలిలోకి వస్తే ఆవిరి దాని మీద నీరుగా కూర్చుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టే. మన ఊళ్ళో చల్లని చోటు ఏసీ గది, ఏసీ కారు. తడి గాలి బయట ఉంటుంది. అందుకే ఇక్కడ బయటికి వెళ్ళేటప్పుడు పడుతుంది. కెనడా తెల్లవారుజామున బయట చలి, గాలి పొడి. వేడి గదిలోంచి బయటికి తెచ్చిన కెమెరాకి ఏమీ కాదు. చలిలో రెండు గంటలుండి మళ్ళీ వేడి బస్సులోకో ఇంట్లోకో తెచ్చినప్పుడు పడుతుంది.

మందు రెండు చోట్లా ఒకటే. మార్పు జరగబోయే ముందు, ఉన్న గాలిలోనే కెమెరాని మూత బిగిసే ప్లాస్టిక్ సంచిలో పెట్టి కట్టేయండి. ఆవిరి సంచి మీద కూర్చుంటుంది, కెమెరా మీద కాదు. అరగంట ఆగి తీయండి. వంజంగికి వెళ్ళేటప్పుడు కెమెరా సంచిని ఏసీ తగలకుండా డిక్కీలో పెట్టండి, లేదా ఆఖరి అరగంట ఏసీ ఆపి అద్దాలు దించండి. పట్టేశాక తుడవొద్దు. లెన్సు పూతకి గీతలు పడతాయి, ఫలితం కూడా ఉండదు. వేడెక్కనివ్వండి, అదే పోతుంది.

ఈ సందర్భంలోనే మన ఊరి అసలు శత్రువు గురించి చెప్పాలి. అది బూజు. స్టూడియో రోజుల్లో నా దగ్గర ఒక యాషికా ట్విన్ లెన్స్ కెమెరా ఉండేది. దాంతోనే పెళ్ళిళ్ళు చేసి అప్పులు తీర్చాను. తోలు కవరులో పెట్టి బీరువాలో దాచుకున్నాను. ఒక వర్షాకాలం దాటాక తీసి చూస్తే లెన్సు లోపల సాలెగూడు. తోలు తేమని పీల్చి పట్టి ఉంచుతుంది, బూజుకి అంతకన్నా మంచి పొలం లేదు. సముద్రపు గాలి, ఆగస్టు నుంచి నవంబరు దాకా తేమ, మూసిన బీరువా — మూడూ కలిస్తే ఎంత ఖరీదైన లెన్సయినా పోతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా కొనండి, అందులో సిలికా జెల్ వేయండి. రంగు మారగానే వేయించి మళ్ళీ వాడుకోండి. నెలకోసారి కెమెరా తీసి వాడండి. బీచ్ నుంచి వచ్చిన రోజు కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో కెమెరా ఒళ్ళంతా ఒత్తి తుడిచి, ఆరాకే డబ్బాలో పెట్టండి. ఉప్పు కనపడదు, ఉంటుంది.

చలి దేశం వెళ్ళేవాళ్ళకి బ్యాటరీ మాట కూడా. చలికి బ్యాటరీ సగం ముందే చేతులెత్తేస్తుంది. రెండోదాన్ని లోపలి జేబులో ఒంటి వేడికి ఉంచుకుని మార్చుకుంటూ ఉండండి. ఖాళీ అయిందనుకున్నది వెచ్చబడ్డాక మళ్ళీ కొంత పనిచేస్తుంది.

ప్రశ్న: నా దగ్గర ఫోను మాత్రమే ఉంది. దాంతో కొండల మీద సూర్యోదయం వస్తుందా?
— ఒక పాఠకురాలు, పెందుర్తి

జవాబు: వస్తుంది. లెన్సుని చీర చెంగుతో కాదు, శుభ్రమైన మెత్తటి గుడ్డతో తుడవండి. వెలుగుతున్న కొండ మీద వేలుతో తాకి, పక్కన కనపడే సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి లాగండి. చీకటిగా అనిపించినా ఫర్వాలేదు, కొండ రంగు నిలుస్తుంది. వేళ్ళతో లాగి దగ్గరికి తెచ్చుకోవద్దు, రెండడుగులు ముందుకు నడవండి. చిన్న స్టాండు ఉంటే ఫోను దానికి తగిలించి మూడు సెకన్ల టైమరు పెట్టండి.

ప్రశ్న: విదేశాల్లో నేషనల్ పార్కులో డ్రోన్ ఎగరేయవచ్చా? మన దగ్గర కూడా అలాంటి కొండలూ నీళ్ళూ ఉన్న నేషనల్ పార్కు ఉందా?
— ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: కెనడా నేషనల్ పార్కుల్లో ప్రత్యేక అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు. జరిమానా గట్టిగా ఉంటుంది. డ్రోన్ ఇంట్లోనే ఉంచి వెళ్ళండి. ఇంకొకటి: ఎలుగుబంటి, తోడేలు కనపడితే 100 మీటర్లు, జింక జాతి జంతువులకి 30 మీటర్లు దూరం ఉండమని పార్కు నియమం. ఫోటో కోసం ఆ గీత దాటొద్దు.

మన దగ్గర పాపికొండలు ఉన్నాయి. 2008లో నేషనల్ పార్కు అయింది. కొండల నడుమ గోదావరి, మీరు అడిగినవన్నీ ఉన్నాయి. రెండు పక్కలా కొండలు గనక నీటి మీదికి ఎండ ఆలస్యంగా దిగుతుంది. అప్పటిదాకా పడమటి ఒడ్డు కొండల మీద వెలుతురుని చూస్తూ ఉండండి. పొద్దున్న మొదటి లాంచీ ఎక్కి, తూర్పు వైపు రెయిలింగ్ దగ్గర కాకుండా పడమటి రెయిలింగ్ దగ్గర చోటు పట్టుకోండి. అందరూ అటు మూగుతారు, మీకు ఇటు ఖాళీగా ఉంటుంది.